పోర్ట్‌లెనన్ వెళ్లని ఎనిమిదో నంబరు

ఇన్నిస్ గెడ్డిస్ మా జట్టుకి పద్నాలుగేళ్లు ఆడాడు. ఆ పద్నాలుగేళ్లూ మా ఊళ్లో సగం మంది అతన్ని నమ్మలేదు. ఆ సగంలో నేనూ ఉన్నాను, దాచేదేముంది. ఆ అనుమానంలో నిజమెంతో తెలిశాక కూడా ఇంతకాలం నోరు మెదపలేదు. మెదపవద్దని నాతో మాట తీసుకున్నారు. నేను నోరు విప్పితే దెబ్బ తగిలే మనిషి పోయిన జనవరిలో కన్నుమూశాడు. అందుకే ఇప్పుడు చెబుతున్నాను.

నా పేరు రోనా మచ్. మా ఊరి ఫుట్‌బాల్ జట్టు కిర్క్‌బ్రే రోవర్స్ బట్టలు ఉతికేదాన్ని. మా ఆయన అలెక్ ఉన్న రోజుల్లో మైదానంలో గడ్డి చూసుకునేవాడు. నేను స్టాండు కింద గదిలో రెండు మెషిన్లు పెట్టుకుని బట్టల సంగతి చూసుకునేదాన్ని. ఆటగాళ్లు మేనేజరుకి ఎన్ని కాకమ్మ కథలైనా చెప్పగలరు, నాకు మాత్రం చెప్పలేరు. శనివారం సాయంత్రం బుట్టలో పడ్డ నిక్కరు చూస్తే ఎవడు నేలమీద పడి పోరాడాడో, ఎవడు గాలికి తిరిగొచ్చాడో తెలిసిపోతుంది. నాకు అనుమానం జాస్తి అని ఊళ్లో అంటారు. నేను దాన్ని అనుభవం అంటాను.

గెడ్డిస్ ఇరవై ఒకటో ఏట మా దగ్గరికి వచ్చాడు. తూర్పు తీరంలో ఏదో చేపల ఊరివాడు. పగలు ఇళ్ల కప్పులకు పలకరాళ్లు పరిచే పని. మా డివిజన్లో ఫుట్‌బాల్ ఒక్కదాన్నే నమ్ముకుంటే పొయ్యిలో పిల్లి లేవదు. మా గోల్‌కీపరు ఉత్తరాలు పంచేవాడు, వెనక వరసలో ఆడేవాడు లెక్కల మాస్టారు. మంగళవారం, గురువారం సాయంత్రాలు ప్రాక్టీసు, శనివారం ఆట. మిగతా రోజులు ఎవరి బతుకు వాళ్లది.

మనిషి చూడ్డానికి ఆనేవాడు కాదు. పొట్టి, కాస్త గూని, ఎర్ర జుట్టు ముప్ఫై దాటకుండానే పలచబడింది. గోల్ కొట్టడం అతని ఒంటికి పడదు. కొట్టిన కొద్దిపాటి గోల్స్‌లో ఒకటి, అతను వంగి బూటు తాడు కట్టుకుంటుంటే పిరుదులకు తగిలి లోపలికి వెళ్లింది. అతని పనల్లా మైదానం మధ్యలో ఉండి అవతలివాడి దగ్గర బంతి లాక్కోవడం, పక్కవాడికి అందించడం. వానలో, బురదలో, సముద్రం మీంచి కోసుకొచ్చే గాలిలో ఎడమ పక్కకు వాలిపోయి, జారుకుంటూ వెళ్లి, బంతి ఒక్కటే తీసుకుపోయేవాడు. గొర్రె తప్పిపోతే కాపరి కుక్క వెళ్లి తెచ్చినట్టు ఉండేది. పేపరువాళ్లు అతని గురించి రెండు ముక్కలు రాసిన పాపాన పోలేదు. నేను మాత్రం అతని నిక్కరు రెండుసార్లు నానబెట్టేదాన్ని.

ఆ లెక్కన అతనంటే నాకు గౌరవం ఉండాలి. ఉండేది కూడా. ఏడాదికి రెండు శనివారాలు ఆ గౌరవానికి గండి పడేది.

పోర్ట్‌లెనన్ మాకు ముప్ఫై మైళ్లు. మా డివిజనే, మా తాతల నాటి పగ. లీగులో ఒక్కో జట్టుతో ఏడాదికి నాలుగుసార్లు ఆడాలి. రెండు మా ఊళ్లో, రెండు వాళ్ల ఊళ్లో. వాళ్లు మా ఊరొచ్చినప్పుడు గెడ్డిస్‌ని పట్టలేకపోయేవాళ్లం. మేం వాళ్ల ఊరెళ్లే రోజు మాత్రం బస్సులో అతని సీటు ఖాళీ.

మొదటి ఏడు తొడ పట్టేసిందన్నాడు. తర్వాత జ్వరం. ఆ తర్వాత భార్య షోనా వాళ్ల పిన్ని కూతురి పెళ్లి. ఒకసారి కప్పు మీంచి జారిపడ్డానన్నాడు. జారిపడ్డ మనిషి సోమవారం పొద్దున్నే చర్చి కప్పు మీద సుత్తి పట్టుకుని ఈల వేస్తుంటే నా కళ్లతో చూశాను. సాకులు అయిపోయాక కార్డులు మొదలయ్యాయి. పసుపు కార్డులు కొన్ని పోగైతే ఆ తర్వాతి ఆట ఆడనివ్వరు. గెడ్డిస్ సరిగ్గా పోర్ట్‌లెనన్ ప్రయాణానికి ముందటి శనివారం, ఏ అవసరమూ లేని చోట, రిఫరీ ముక్కు కిందే బంతిని స్టాండు అవతలికి తన్ని కార్డు తెచ్చుకునేవాడు. అతను వేసుకునే ఎనిమిదో నంబరు చొక్కా ఆ ఊరి నుంచి ఎప్పుడు తిరిగొచ్చినా వేరేవాడి చెమట వాసనతోనే వచ్చేది.

ఊరు ఊరుకుంటుందా? చిక్ పిరీ అని మా ఊళ్లో మాంసం కొట్టు అతను ఉన్నాడు. మైదానంలో అమ్మే, మాంసం కూరి కాల్చిన పైలు అతనివే, మైదానంలో వినపడే అరుపులూ అతనివే. ఆట మధ్యలో విరామం ఇచ్చినప్పుడు అతని బండి దగ్గరే పంచాయితీ.

“ఆ ఊళ్లో ఆడదుంది,” అన్నాడు ఒకసారి. “దాని మొగుడు కర్ర పట్టుకుని గేటు కాడ కూచుంటాడు. లేకపోతే ముప్ఫై మైళ్లు పోటానికి మనిషికేం రోగం?”

“ఆ మొహానికి ఇంకో ఆడది కూడానా?” అన్నాను. “షోనా చేసుకుందే ఎక్కువ.”

“అయితే అమ్ముడుపోయాడు. పందేలోళ్లతో లంకె ఉంది. నిప్పు లేందే పొగ రాదు రోనా.”

“ఆ పొగ నీ పొయ్యిలోది. పైలు మాడిపోతన్నయ్, చూసుకో.”

పైకి అలా అన్నానే గానీ, నా మనసు చిక్‌తోనే ఉంది. మా దేశంలో ఆటగాడు ప్రపంచంలో ఏ మూల జరిగే ఫుట్‌బాల్ మీదైనా పందెం కాయకూడదు. కాస్తే బతుకు బజారున పడుతుంది. అలాంటిదేదో వీడి మెడకు చుట్టుకుందనీ, పోర్ట్‌లెనన్‌వాళ్లకు ఆ గుట్టు తెలుసనీ నాలో నేను కథ అల్లుకున్నాను.

ఒక గురువారం గెడ్డిస్ బట్టల పెట్టెకి రెండో పక్క పట్టి సాయం చేస్తుంటే నేరుగానే అడిగేశాను. “ఏరా అబ్బాయ్, పోర్ట్‌లెనన్ అంటే నీకు పడదా?”

“పడకపోటానికేముంది అత్తా.” కుర్రాళ్లంతా నన్ను అత్తా అనేవాళ్లు.

“మరి?”

“ఈసారి వస్తాలే.”

“ఈ ముక్క పోయినేడు కూడా అన్నావ్.”

చెవులు ఎర్రబడ్డాయి. పెట్టె కింద పెట్టేసి, తాడు ఊడకపోయినా బూటు తాడు కట్టుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే కదా అనుకున్నాను. అప్పటినుంచి అతను నవ్వినా అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే.

ఇలా పద్నాలుగో ఏడు వచ్చింది. మోకాళ్లు అరిగిపోయాయి, మే నెలతో మానేస్తానని గెడ్డిస్ చెప్పేశాడు. ఆ ఏడే మా జట్టు ఎప్పుడూ లేనంత బాగా ఆడి ప్లే-ఆఫ్ ఫైనల్ దాకా వచ్చింది. అది గెలిస్తే పై డివిజన్. నేను పెళ్లై ఈ ఊరొచ్చాక మా జట్టు పై డివిజన్ మొహం చూడలేదు. అలెక్ ఆ ఆశతోనే పోయాడు. ఫైనల్ అంటే రెండు ఆటలు, ఒకటి మా ఊళ్లో, రెండోది అవతలివాళ్ల ఊళ్లో, రెండిట్లో కలిపి ఎవరి గోల్స్ ఎక్కువైతే వాళ్లదే. అవతల వచ్చింది ఎవరనుకున్నారు? పోర్ట్‌లెనన్.

మా ఊళ్లో ఆటలో ఒక గోల్‌తో గెలిచాం. గెడ్డిస్ మైదానం మధ్యలో జారి లాక్కున్న బంతే గోల్‌గా మారింది. ఊరు ఊరంతా అతని పేరు పెట్టి పాడింది, చిక్ కూడా పాడాడు. పాట అయిపోగానే నా వైపు వంగి, “ఇంక వచ్చే శనివారం పెళ్లెవరిదో కనుక్కో రోనా,” అన్నాడు.

ఈసారి తప్పించుకోడానికి దారిలేదు. లీగులో తెచ్చుకున్న కార్డులు ప్లే-ఆఫ్‌కి లెక్కలోకి రావు. మా మేనేజరు లమ్స్‌డెన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారు, ఎగ్గొట్టే పిల్లల్ని పట్టుకోవడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. శనివారం పొద్దున్నే తన వ్యాన్ వేసుకుని గెడ్డిస్ ఇంటి ముందు నిలబడ్డాడు. గెడ్డిస్ సంచి భుజాన వేసుకుని వచ్చి వ్యానెక్కాడు, మైదానం దగ్గర దిగి మా బస్సెక్కాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. పోర్ట్‌లెనన్ పొలిమేర రాగానే చొక్కాకి కుట్టిన టోపీ నెత్తి మీదికి లాక్కుని సీట్లో కిందికి జారాడు. ఎవరి కంటపడకూడదని ఈ దాగుడుమూతలు అని నేను వెనక సీట్లోంచి కళ్లార్పకుండా చూస్తూనే ఉన్నాను.

బట్టలు సర్దేసి వాళ్ల టీ గదిలోకి వెళ్లాను. అక్కడ నలభై దాటిన మనిషి ఒకడు, కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. మాగ్నస్ బెయిన్ అని పరిచయం చేసుకున్నాడు. వాళ్ల మైదానం గేటు దగ్గర టికెట్లు చూసి జనాన్ని లోపలికి వదిలే పని. నాకు కనిపించిందల్లా అడిగే జబ్బు కదా, కాలికేమైందని అడిగాను.

“ఒకప్పుడు ఈ జట్టుకే ఆడేవాణ్నండి,” అన్నాడు. “ఓ శనివారం డన్‌కారిక్ జట్టొచ్చింది. వాళ్లలో ట్రయలిస్ట్ ఒకడు. వాడే విరగ్గొట్టాడు.”

మా కింది డివిజన్లలో ఒక ఆనవాయితీ ఉంది. ఇంకా క్లబ్బులో చేరని ఆటగాణ్ని, ఎలా ఆడతాడో చూద్దామని అసలు ఆటలోనే దింపుతారు. జట్టు కాగితం మీదా, మర్నాడు పేపర్లోనూ అతని పేరు వేయరు. పేరు ఉండాల్సిన చోట ట్రయలిస్ట్ అని ఉంటుంది. నచ్చితే చేర్చుకుంటారు, లేకపోతే వచ్చినవాడు వచ్చినట్టే పోతాడు. ఎవడొచ్చాడో దేవుడికే ఎరుక.

“రెండు కాళ్లూ గాల్లోకి లేపి నా మోకాలి కింద దిగాడు,” అన్నాడు బెయిన్. “ఎముక విరిగిన చప్పుడు స్టాండు దాకా ఇనపడింది. నేను కింద పడి కొట్టుకుంటంటే వాడు పైన నిలబడి నవ్వాడండి. తోడేలు నవ్వినట్టు.”

టీ పోస్తున్న ఆవిడ అందుకుంది. “మా పిల్లలు మాట ఇనకపోతే ట్రయలిస్టుకి పట్టిస్తాం అంటాం. ఈ ఊళ్లో అంతకన్నా పెద్ద తిట్టు లేదు.”

“వాడి పేరు తెలుసుకోలేదా?” అన్నాను.

“ఎక్కడండీ. ఆ మరుసటేడే డన్‌కారిక్ క్లబ్బు మూతపడింది, మేనేజరు ఆస్ట్రేలియా పోయాడు. అయినా పేరుంటే ఇంత ఇదిగా తిట్టగలమా? ఆ పేరోడి తరఫున ఎవడో ఒకడు వచ్చి గొడవపడడూ?”

పాపం అనుకున్నాను. ఎప్పటి సంగతని అడిగితే పదిహేనేళ్లన్నాడు. అంటే గెడ్డిస్ మా జట్టులో చేరడానికి సరిగ్గా ఏడాది ముందు. టీ సగంలోనే వదిలేసి బట్టలు మార్చుకునే గదికి వెళ్లాను. కుర్రాళ్లంతా కాళ్లు సాగదీయడానికి మైదానంలోకి వెళ్లిపోయారు. గెడ్డిస్ ఒక్కడే ఒక బూటు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

“అత్తా, గేటు కాడ ఎవరున్నారు?”

“ఓ కుంటాయన. బెయిన్ అంట.”

చేతిలో బూటు కిందికి దిగింది.

“నువ్వేనారా?” అన్నాను.

తలూపాడు. తర్వాత, “నేను నవ్వలేదత్తా,” అన్నాడు. “ఇరవయ్యేళ్లోణ్ని. ఆ చప్పుడికి భయమేసింది. నోరు అట్టా తెరుచుకుపోయింది. నవ్వాడని రాశారు పేపర్లో. తర్వాత ఆయనకి గేటు పనిచ్చారని కూడా అందులోనే చదివాను.”

“రెండు కాళ్లూ లేపావా?”

“తెలీదు. బంతే అనుకుని పోయాను. ముందు బంతి తగిలిందో, ఆయన కాలే తగిలిందో... ఎన్నిసార్లు తల్చుకున్నానో లెక్కలేదు, ఇప్పటికీ తెలీదు. అంత మంది చూశారుగా, వాళ్లు కాలే అన్నారు. నిజమే అయ్యుంటది.” కళ్లెత్తి నా వైపు చూశాడు. “ఆయన నన్ను గుర్తుపడతాడంటావా?”

పందేలూ, ఆడవాళ్లూ, అమ్ముడుపోవడాలూ, ఇన్నేళ్లు నేను నేసిన గుడ్డంతా ఒక్కసారి ఊడిపోయింది. వాడు పోర్ట్‌లెనన్‌కి భయపడలేదు. ఆ గేటు దగ్గర కూర్చునే ఒక్క మనిషికి మొహం చూపించలేకపోయాడు. బెయిన్ ఎప్పుడూ మా ఊరికి రాడు కాబట్టి మా ఊళ్లో సింహంలా ఆడగలిగాడు.

“గుర్తుపడితే పట్టాడు. బూటేసుకో,” అన్నాను. అంతకన్నా మంచి మాట ఆ క్షణంలో తోచలేదు.

ఆట మొదలైంది. నేను బెంచీ చివర కూర్చుని ఎనిమిదో నంబరునే చూశాను. పాసులిస్తున్నాడు, పరిగెడుతున్నాడు, అరుస్తున్నాడు. కిందికి మాత్రం జారడం లేదు. బంతి కోసం ఒంగినప్పుడల్లా గేటు వైపు ఒక చూపు పడుతోంది. విరామం దాకా అటూ ఇటూ గోల్ లేదు. ఆ తర్వాత పోర్ట్‌లెనన్ ఒకటి కొట్టింది. రెండు ఆటలూ కలిపితే చెరొకటి. మావాళ్లు ఈదురుగాలిలో గొంతులు చించుకుంటున్నారు.

ఆట ముగిసే వేళకి మైదానం మధ్యలో బంతి ఎవరిదీ కాకుండా పడింది. అవతలి కుర్రాడొకడు దాని కోసం పరిగెత్తుతున్నాడు. గెడ్డిస్ దగ్గరగా ఉన్నాడు. కళ్లు మూసుకున్నా అతను తెచ్చుకోగల బంతి అది. ఎడమ భుజం వాల్చాడు, జారబోయాడు. మరుక్షణం నిటారుగా నిలబడిపోయాడు. కుర్రాడు బంతి తీసుకుని, ఎదురెవరూ లేక, నాలుగు అంగల్లో వెళ్లి గోల్ కొట్టేశాడు. కాసేపటికే రిఫరీ ఈల వేశాడు. మా పుట్టి మునిగింది.

“అమ్ముడుపోయావ్ రా గెడ్డిస్!” చిక్ గొంతు ముందుగా లేచింది. “ఎంతకమ్మావ్ రా మమ్మల్ని? పద్నాలుగేళ్లు దాక్కుని దాక్కుని ఇయ్యాల అమ్మావా?” వెనక మిగతావాళ్లు అందుకున్నారు. అభిమానుల్లో పెద్దవాళ్లు ఏడుస్తున్నారు. నిజం చెప్పొద్దూ, అంతా తెలిసిన నాకే వాడి చెంప పగలగొట్టాలనిపించింది. అలెక్ గుర్తొచ్చాడు.

జట్టంతా స్నానాలకు వెళ్లింది. గెడ్డిస్ ఆట బట్టల్లోనే, మైదానం చుట్టూ తిరిగి గేటు వైపు నడిచాడు. బెయిన్ కొడతాడో, జనాన్ని పిలుస్తాడో అని నేను వెనకే వెళ్లి గోడ మలుపు దగ్గర ఆగాను.

బెయిన్ జనం బయటికి పోడానికి తెరిచిన గేటు రెక్క కదలకుండా గొలుసు చుడుతున్నాడు.

“ఆ ట్రయలిస్టుని నేనే,” అన్నాడు గెడ్డిస్. “ఇన్నిస్ గెడ్డిస్ నా పేరు.”

బెయిన్ గొలుసు వదల్లేదు. అతన్ని కిందనుంచి పైదాకా చూసి, “జుట్టు ఊడిపోయింది,” అన్నాడు.

“అప్పుడే రావాల్సింది. కాళ్లు రాలేదు. నన్ను తిట్టండి, కొట్టండి, ఏమన్నా చెయ్యండి.”

బెయిన్ అటూ ఇటూ చూశాడు. “అయిపోయిందేదో అయిపోయింది. పాత సంగతి. ఎళ్లు, ఎవరన్నా ఇంటారు.”

అక్కడే నాకు తేడా కొట్టింది. పదిహేనేళ్లుగా ప్రతి టీ కప్పు మీదా ఒక మనిషిని తిట్టినవాడు, ఆ మనిషి కాళ్ల దగ్గరికొస్తే, ఎవరన్నా వింటారు వెళ్లిపో అంటాడా? వినకూడనిది వీడి దగ్గరేముంది? ఇంక గోడ చాటున ఆగలేకపోయాను.

“బెయిన్ గారూ, రెండు కాళ్లూ గాల్లోకి లేపాడన్నారు కదా ఇందాక?”

అతను ఉలిక్కిపడ్డాడు. “అన్నాను. అయితే?”

“పద్నాలుగేళ్లు వీడి నిక్కర్లు ఉతికాను. ఎడమ తుంటి మీద తప్ప ఎక్కడా మట్టి ఉండదు. వీడు ఒక్క పక్కకే పడుకుని జారతాడు. రెండు కాళ్లు లేపటం వీడికి రాదు. వచ్చుంటే ఈపాటికి ఏ ఒక్క శనివారమన్నా నాకు కనపడేది. అసలు జరిగిందేంటో చెప్పండి.”

“మీకెందుకమ్మా?”

“ఇయ్యాల మేం ఓడిపోయాం. అందుకు.”

బెయిన్ గొలుసు కింద పెట్టి గేటు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. కాలు చాపుకున్నాడు. చెప్పేదాకా నేను కదలనని అర్థమైనట్టుంది.

“బంతి అతనే తీసుకున్నాడు,” అన్నాడు నేల చూస్తూ. “శుభ్రంగా తీసుకున్నాడు. పేరూ ఊరూ లేని కుర్రకుంక నా దగ్గర లాక్కుపోతాడా అని నాకు మండింది. బంతి పోయాక అతని కాలి మీదికి నేనే ఎళ్లాను. దెబ్బ కొట్టాలనే. అతనికి తగల్లేదు, నా కాలే అడుగున ఇరుక్కుని ఇరిగింది.”

“మరి వాడి మీదెందుకు పెట్టారు?”

“ఆస్పత్రిలో మా అమ్మ ఏడుస్తా ఎవడు చేశాడ్రా అంది. కాగితంలో చూస్తే ట్రయలిస్ట్ అని ఉంది. పేరు లేనోడి మీద ఏస్తే ఎవడికి తగులుద్ది అనుకున్నా. తర్వాత ఊరంతా నాకు చందాలేసి ఈ గేటు పనిచ్చింది. ఒక్కోళ్లూ అడిగినప్పుడల్లా కాస్త కలిపాను. తోడేలు నవ్వు కూడా అట్టా కలిపిందే.” అప్పుడు తలెత్తాడు. “నువ్వు దాన్ని మోస్తున్నావని నాకు తెలీదు బాబూ. ఒట్టు. ఎవడో ఉన్నాడనే అనుకోలేదు నేను.”

గెడ్డిస్ ఒక్క ఉదుటున అతని కోటు కాలరు పట్టుకుని లేపాడు. స్టూలు పడిపోయింది. నేను ఆపలేదు, ఆపబుద్ధి కాలేదు. ఒక్కటి తగిలిస్తే నేనూ ఇంకోటి తగిలిద్దామనే ఉంది. కానీ వాడు కొట్టలేదు.

“ముందు బంతే తగిలిందా?” అన్నాడు.

“బంతే.”

“మళ్లీ చెప్పు.”

“బంతే తగిలింది. తప్పు నాదే.”

గెడ్డిస్ కాలరు వదిలేశాడు. వంగి స్టూలు లేపి నిలబెట్టాడు. మైదానం వైపు తిరిగి, కాసేపటి కిందట తను నిలబడిపోయిన చోటు చూశాడు. “అయితే ఇయ్యాల్టి బంతి కూడా నాదే,” అన్నాడు. వాడి మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను.

ఈలోగా మా అభిమానుల గుంపు బస్సుల కోసం అటే వచ్చింది. అందరికన్నా ముందు చిక్.

“చూశారా! గేటు కాడ మాటామంతీ! నేను చెప్పలా? మన కళ్ల ముందే!” అని రెండు చేతులూ ఎత్తి అరిచాడు. “రోనా, నువ్వే సాక్షి. ఏం మాట్లాడుకుంటన్నారో చెప్పు ఈళ్లకి!”

చెప్పడానికే నోరు తెరిచాను. నాలుక చివరిదాకా వచ్చింది. బెయిన్ గోడకు చేరగిలబడి, చేతులు కట్టుకుని, ఉరి వేస్తామన్నవాడిలా నన్నే చూస్తున్నాడు. గేటు అవతల పోర్ట్‌లెనన్ జనం కూడా ఏం గొడవని పోగవుతున్నారు. గెడ్డిస్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“ఏం లేదు చిక్,” అన్నాడు. “బంతి వదిలేశాను. నాదే తప్పు.”

“తప్పు కాదురా, బేరం!” అని చిక్ నేలమీద ఉమ్మి వెళ్లిపోయాడు.

బస్సులో అతని పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు. నేను వెళ్లి కూర్చున్నాను. లమ్స్‌డెన్ ముందు సీట్లో అటే మొహం పెట్టుకున్నాడు. కుర్రాళ్లు మా వైపు చూడకుండా ఫోన్లు చూసుకుంటున్నారు.

“నేను లేచి చెప్పేస్తాను,” అన్నాను గొంతు తగ్గించి. “ఈళ్లకన్నా తెలియాలి. ఆ కుంటోడు చేసిన పనికి...”

“వద్దత్తా. మాటియ్యి.”

“ఎందుకురా? నీకేమవుతాడు వాడు?”

“ఏమీ కాడు. రేపు పొద్దున లేచి ఆయన ఆ ఊళ్లోనే తిరగాలి. ఆ గేటు తప్ప ఇంకోటి లేదాయనకి. పేరు లేని ట్రయలిస్ట్ కాదు, పేరున్న మనిషి, ఆయన మీద పడితే తగులుద్ది. నాకేముంది, కప్పెక్కితే కింద ఎవడేమన్నా ఇనపడదు.”

“చిక్ నిన్ను ఈ జన్మలో వదుల్తాడా?”

“చిక్ సంగతెందుకు,” అన్నాడు. బస్సు పొలిమేర దాటింది. నెత్తి మీద టోపీ లేకుండా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. “నువ్వు కూడా అట్టాగే అనుకున్నావ్ గదత్తా. నిక్కర్లు ఉతికింది నువ్వే.”

కోపంగా అని ఉంటే నేనూ నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. వాడు మామూలుగా అన్నాడు. మాటిచ్చేశాను.